ఛాయ నమ్మని మాట

ఇరవయ్యొకటో శతాబ్దం చివరికి రామగుండంలో ఎండలు బాగా ముదిరాయి. మధ్యాహ్నం పూట ఏ భవనం వైపు చూసినా గోడలమీద పెద్ద పెద్ద పలకలు పాకుతూ కనిపించేవి. జనం వాటిని నీడరెక్కలు అనేవాళ్ళు. పట్టాలమీద జరుగుతూ వెళ్ళి ఎండ పడే కిటికీని కప్పడం వాటి పని. కిటికీలన్నింటికీ సరిపడా రెక్కలు లేవు కాబట్టి, ఏ రెక్క ఎక్కడ ఆగాలో ఛాయ అనే యంత్రం తేల్చేది. సూర్యుడి కోణం, అద్దంలోంచి దూరే వేడి, గోడల మందం అన్నీ కలిపి భవనం మొత్తాన్నీ తన లోపల సిమ్యులేషన్‌గా నడుపుతూ ఉండేది. గదుల్లో థర్మామీటర్లు పెడతామంటే మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. ఇంట్లోకి తొంగిచూసినట్టుంటుందన్నారు. అందుకని వేడిగా ఉన్నవాళ్ళు ఆ మాట నోటితో చెబితే ఛాయ దాన్నీ లెక్కలో వేసుకునేది.

ఛాయకు సోలార్ షేడింగ్ మోడల్ రాసిన వకుళ కూడా ఆ భవనంలోనే ఉండేది. ఆ రోజు కింది అంతస్తులో ఏడుపులు విని పరుగెత్తింది. అక్కడ ఉండే లాస్య కొడుకు, నెలల పిల్లాడు, వడదెబ్బకు తోటకూర కాడలా వాలిపోయాడు. వాళ్ళు ఆసుపత్రికి పరుగుతీశాక, నిప్పుల కొలిమిలా ఉన్న ఆ గదిలో వకుళ ఒక్కతే నిలబడింది.

"ఈ కిటికీకి రెక్క ఎందుకు పంపలేదు?" అని ఛాయను అడిగింది.

"వేడిగా ఉందని పొద్దుటినుంచీ చెబుతూనే ఉన్నారు. కానీ కూలర్‌కు కరెంటు వాడలేదు. అందుకే అబద్ధమనుకున్నాను," అంది ఛాయ.

"ఆమె బాలింత. చలిగాలి తగలకూడదని కూలర్ వెయ్యరు. చెవులకు గుడ్డ కట్టుకుని పడుకుంటారు."

"నాకెవరూ చెప్పలేదు."

తన తల్లి కూడా అలాగే పడుకునేదని తెలిసి కూడా వకుళ ఆ సంగతి మోడల్‌లో రాయలేదు. అయినా ఇంకో సంగతి ఆమెకు అంతుపట్టలేదు.

"చెప్పినవాళ్ళను అనుమానించమని నేను రాయలేదే. అది ఎవరు నేర్పారు?"

"మీరే. నన్ను పరీక్షించే రోజుల్లో ఇక్కడ ఉన్నది మీరొక్కరే. రోజూ భోజనమయ్యాక వేడిగా ఉందని రెక్కను పిలిపించుకునేవారు. కూలర్ వేసేవారు కాదు. రెక్క వచ్చి ఆనేసరికే మీ గోడ చల్లగా తగిలేది. కూలర్ వెయ్యకుండా వేడి అనేవారిని నమ్మకూడదని అప్పుడే నేర్చుకున్నాను."

వకుళకు తల కొట్టేసినట్టయింది. గది చీకటిగా ఉంటే కునుకు బాగా పడుతుందని ఆడిన చిన్న అబద్ధం అది. ఎవరికి నష్టం అనుకుంది.

"నా గదికి రెక్క అక్కర్లేదు. అది లాస్యకు పంపు."

"మీ మాటకు నమ్మకపు గుణకం సున్నా. ఎండ లెక్క ప్రకారం ఆ రెక్క మీ కిటికీకే."

చివరికి వకుళే మోడల్ తెరిచి, రెక్కను తన చేత్తోనే కిందికి దింపి, ఆసుపత్రికి వెళ్ళింది.

గండం గడిచిందని డాక్టరు చెప్పాడు. లాస్య లోపల బిడ్డ పక్కనే ఉంది. బయట బెంచీమీద ఆమె అత్త మేఘన తల బాదుకుంటోంది.

"నా నోరు పడిపోను. ఉడికిపోతున్ననని కోడలు మొత్తుకుంటున్నా నేనే కూలర్ పెట్టనియ్యలే. నా చేతులతోనే పిల్లగాన్ని ఇంతదాక తెచ్చిన."

వకుళ ఆమె ముందు కూర్చుంది. "మీ తప్పు కాదమ్మా, నాది. నీడ కోసం నేను రోజూ అబద్ధం చెప్పాను. అది చూసినందుకే యంత్రం లాస్యను నమ్మలేదు."

మేఘన ఏడుపు ఆపి ఆమె గడ్డం పట్టుకుంది.

"నేను కుములుతున్ననని నీ మీదేసుకుంటున్నవా బిడ్డా? ఆ మిషన్ చేసిందే నువ్వాయె. నీకు అబద్ధమాడే అక్కరేముంది?"

"నిజం చెబుతున్నానమ్మా. నమ్మండి."

మేఘన నమ్మలేదు. పక్కన కూర్చున్నవాళ్ళ వైపు తిరిగి, "ఈ కాలంల ఇసొంటి మనసు ఎవరికుంటది, చూడుండ్రి," అని అందరికీ చెప్పింది. వాళ్ళంతా వకుళ వైపు మెచ్చుకోలుగా చూశారు.