నీళ్ళు తాగని రాయి

"రెండు రాళ్ళూ జాగ్రత్తగా చూడు," అన్నాడు చీఫ్ గోపాలకృష్ణయ్య.

1943. గుంటూరులో ఒక సీక్రెట్ ఆఫీసు. ఏజెంట్ ధనుంజయరావు వంగి చూశాడు. ఒకే రంగు ఇసుకరాళ్ళు. చీఫ్ వాటిమీద చెరో నీటిచుక్క వేశాడు. మొదటిది వెంటనే పీల్చేసుకుంది. రెండోదానిమీద చుక్క అలాగే నిలిచింది.

"తాగింది మన రహస్య చమురుబావి శాంపిల్. రేణువులన్నీ ఒకే సైజు, బంకమట్టి లేదు. ఆ సందుల్లోనే చమురుండేది. రెండోది పల్నాడు రాయి. లోతున నలిగి, సందులన్నీ సిలికాతో మూసుకుపోయాయి. శత్రువులకి ఇదే చేరాలి. బావి దండగని నమ్మితే బాంబులు వెయ్యరు. అక్కడ రెండొందలమంది కూలీలున్నారు."

"చేర్చేదెవరు?"

"సయీదా. వాళ్ళు తమ మనిషే అనుకుంటున్నారు. ఇలాంటి పల్నాడు రాయే ఇంకోటి నీ దగ్గరుంచుకుని ఆమెను కనిపెట్టి ఉండు."

యుద్ధం అయ్యాక ధనుంజయరావు పెళ్ళి చేసుకుందామనుకున్నది ఆ సయీదానే. చీఫ్‌కి ఆ సంగతి తెలీదు.

మాచర్ల స్టేషన్. మిట్టమధ్యాహ్నం. కత్తులకి సానపట్టే ఖలందర్ ఫకీరు వేషంలో అతను ప్లాట్‌ఫారం మీద చక్రం తిప్పుతున్నాడు. పట్టు బురఖాలో, ఖరీదైన సెంటు ఘుమఘుమలతో సయీదా వచ్చి బెంచీమీద కూర్చుంది. కూజాలో నీళ్ళు తాగింది. రాయి తీసి, తడి వేలితో ఒకసారి రుద్దింది.

సానపట్టేవాళ్ళ ఇంట పుట్టిన పిల్ల. చేతికి ఏ రాయొచ్చినా అలా రుద్దందే ఊరుకోదు. ఎంత సెంటు పూసుకున్నా ఆ అలవాటు పోలేదు పాపం.

తడి క్షణంలో ఇంకిపోయింది. ధనుంజయరావు చక్రం ఆపేశాడు.

"రాయి మార్చావు," అన్నాడు తల ఎత్తకుండా.

ఆమె ఏడ్చేసింది. "మా సుభానీ భాయి రంగూన్‌లో వాళ్ళ చెరలో ఉన్నాడు. ఆఫీసులోంచి అసలుది తెచ్చిస్తే వదుల్తామన్నారు. నాకుండేది ఒక్క అన్నేనయ్యా!"

"బావికాడ ఉన్నోళ్ళకి చెల్లెళ్ళు లేరా సయీదా?"

గార్డు విజిల్ వేశాడు. అతను సంచిలోని రాయి తీసి చెయ్యి చాచాడు.

"ఇంత పని మీరే చేస్తారనుకోలా," అంటూ ఆమె రాయి మార్చుకుంది.

ఫస్ట్‌క్లాసు కిటికీలో వజ్రాల వ్యాపారి వేషంలో శత్రువుల నిపుణుడు. అతని పెన్నులో సిరాకి బదులు నీళ్ళు. సయీదా అందించిన రాయిమీద చుక్క రాల్చాడు. అది ఇంకలేదు.

"చెత్త. టార్గెట్ క్యాన్సిల్," అని రాయిని సయీదా కాళ్ళ దగ్గరికి విసిరేశాడు. రైలు కదిలింది. ఆ కబురు రంగూన్ చేరాలి కాబట్టి అతన్ని ఎవరూ ఆపలేదు.

బాంబులు పడలేదు. సుభానీ తిరిగి రాలేదు. పనికిరాని రాయికి మనిషిని వదిలేది లేదన్నారట.

మూడు నెలలకి ధనుంజయరావుకి మాచర్ల నుంచి పార్సిల్ వచ్చింది. ఉత్తరం లేదు. ఆ రాయే ఉంది. అతను దానిమీద ఒక నీటిచుక్క వేసి, సాయంత్రం దాకా ఎదురుచూశాడు.

చుక్క ఇంకలేదు. కత్తులకి మాత్రం అంత మంచి సానరాయి మళ్ళీ దొరకదు.