గాలి కావాలన్న కాంచన

తిరువళ్ళూరులో రైలెక్కీ ఎక్కగానే ఆ అమ్మాయి కిటికీ షట్టర్ ఎత్తింది. వానజల్లు నా ఇస్త్రీ చొక్కా మీద పడింది. నేను దించినాను. ఆమె మళ్ళీ ఎత్తింది.

"వెంటిలేషన్‌కు పైన ఫ్యాన్ ఉంది కదండీ," అన్నాను.

"అది తిరిగితే కదా! అయినా వెంటిలేషన్ అంటే ఏమి సారూ?"

మా వంశంలో మొదటి బి.ఏ.ని నేను. అడిగితే చెప్పకుండా ఉండలేను.

"గదిలోకి మంచి గాలి రానీయడం ఒకటి. ఆస్పత్రిలో ఊపిరాడని మనిషికి మిషన్‌తో ఊపిరి అందించడం ఇంకొకటి. మనసులో మాటను నలుగురిలో బయటపెట్టడం కూడా అదే."

"అబ్బ! ఇంత చదివీ షట్టర్ దించుతారా?"

నేను పనిచేసే ఆవడి వచ్చేదాకా తడుస్తూనే కూర్చున్నాను. ఆమె పేరు కాంచన, అక్కడే టైపిస్టు. మర్నాటి నుంచి రోజూ ఎదురుగా కూర్చుని ఇంగ్లీషు మాటలకు అర్థాలడిగేది. చెప్తే వినకుండా నవ్వేది. ఎండ కాసినా నాకు తడిసినట్టే ఉండేది.

ఒక శుక్రవారం ఆమె షట్టర్ ముట్టుకోలేదు.

"ఏమండీ, గాలి వద్దా?"

"ఆదివారం మీ తిరుత్తణి కొండకు వస్తాండాము. పళ్ళిపట్టు రైసుమిల్లు సంబంధం. నాయన సామి ముందర పూలపొట్లాలు పెట్టి అడుగుతాడు. తీసిన పొట్లంలో తెల్లపువ్వుంటే పెళ్ళి. ఎర్రపువ్వుంటే లేదు."

"మీకిష్టమేనా?"

"నన్నెవరడిగినారు?" అని అటు తిరిగింది.

ఆదివారం పరుగున మెట్లెక్కినాను. కాంచన నాయన దేవరాజులు సన్నిధిలో పొట్లాలు పెట్టబోతున్నాడు.

"మామా, ఆగండి! నేను మునిరత్నం కొడుకును, తణికాచలం. ఆవడి ఫ్యాక్టరీలో గుమాస్తా. కాంచనను నాకియ్యండి."

"మునిరత్నం కొడుకువా? మనోళ్ళే. దాన్నడిగినావా?"

నాలుక కరుచుకున్నాను. పెద్దలను ముందడగడమే మర్యాద అనుకున్నాను మరి.

"యాడ నాయనా! షట్టర్ దించమని తప్ప ఈ సారు నన్నేమీ అడగలా," అంది కాంచన, నవ్వు ఆపుకుంటూ. "ఇప్పుడడిగితే సరే అంటా."

మామ కూతురిని చూశాడు, నన్ను చూశాడు.

"సామిని అడిగేది మారింది కదా. ఈ పిలగాని పేరు చెప్పి పొట్లాలు మళ్ళా కట్టుమ్మా."

ఆమె కట్టింది. నేను చూస్తూనే ఉన్నాను. రెండింటిలోనూ తెల్లపువ్వే! సామి ముందర తప్పు కదా అనిపించింది.

"కాంచనా, ఎర్రది మరిచినావు," అన్నాను.

మామ చేతులు జోడించి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. తెరవకుండానే అన్నాడు:

"నోరు మూసుకో అల్లుడా."