నాలుగో టోపీ

కళ్ళు మూసుకున్న పన్నెండో నిమిషానికి పద్మలోచన సముద్రం అడుగున ఒక వీధిలో నడుస్తోంది. కిటికీల్లోంచి వంజరం చేపలు పేరంటానికి బయల్దేరినట్టు ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి. డాబా మీద ఎవరో ఆకుపచ్చ చీర ఆరేస్తున్నారు. నీళ్ళలో ఆరేస్తే ఆరుతుందా అన్న అనుమానం అక్కడ ఎవరికీ రాలేదు. వీధి చివర మొగలిపొదలు మెలికలు తిరిగిన వరసల్లో ఊగుతున్నాయి. ఉరుముకుంటూ వచ్చిన ప్రతి కెరటమూ ఆ మెలికల్లో పడి తిరిగి తిరిగి, చెప్పులు గుమ్మం బయట విడిచిన చుట్టంలా నెమ్మదిగా వీధిలోకి అడుగుపెడుతోంది.

అలారం మోగింది. ముగ్గురు శాస్త్రవేత్తలు మంచాల మీంచి లేచి టోపీలు తీశారు.

"మొగలి!" అన్నారు ఫిజిక్స్ ప్రొఫెసర్ విస్సంరాజు గారు. పాతికేళ్ళ సర్వీసులో ఆయన నోట ఒక మొక్క పేరు రావడం అదే మొదటిసారి.

"కెరటం!" అంది బోటనీ మెహరున్నీసా.

డైరెక్టర్ పద్మలోచనకి ఏడుపొచ్చినంత పనైంది. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు మరి!

కొండమీది ఆ యూనివర్సిటీలో 'సంగమం' అనే పరిశోధన సంస్థ పెట్టి ఆరేళ్ళు. అన్ని శాఖలవాళ్ళూ ఒకే కప్పు కింద కూర్చుని కలిసి ఆలోచించాలని ఉద్దేశం. కూర్చోవడం దాకా బాగానే జరిగింది. ఫిజిక్స్ టీ పదిన్నరకి, బోటనీ టీ పదకొండుకి. ఎవరి కెటిల్ వాళ్ళది, ఎవరి పంచదార డబ్బాకి వాళ్ళ తాళం. వానాకాలం వరండా కారితే, బకెట్ పెట్టమని ఎవర్నడిగినా ఒకటే జవాబు: "అది మా శాఖ కిందికి రాదండీ." బకెట్ ఆరేళ్ళుగా మూలనే ఉంది. కలిసి రాసిన పేపర్ ఒక్కటీ లేదు. శుక్రవారం కమిటీ వస్తోంది. అప్పటికి ఉమ్మడి పేపర్ చూపించకపోతే సంగమానికి తాళం పడుతుంది, పద్మలోచన పదకొండేళ్ళుగా కడుతున్న యంత్రం ముక్కలై స్టోర్ రూముకి పోతుంది.

యంత్రం పేరు స్వప్నశ్రుతి. సంగతి సులువే. నిద్రలో ప్రతి మెదడూ సన్నని విద్యుత్ తరంగాలతో తన పాట తాను పాడుకుంటుంది. ఒక్కో మెదడుదీ ఒక్కో శ్రుతి కాబట్టి ఇద్దరివి కలిపితే గోల తప్ప ఇంకేం రాదు. అదే మధ్యలో తంబురా ఒకటి ఉంటే? సెన్సర్లు కుట్టిన టోపీలు అందరి తరంగాల్నీ దానికి సర్ది, అందరికీ ఒకే కల చూపిస్తాయి. ఆ తంబురాగా ఏ సబ్జెక్టూ అంటని మెదడు కావాలి. లెక్కల్లో సున్నాలాంటిది. సున్నా కోసం పద్మలోచన యూనివర్సిటీ అంతా గాలించింది. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా "మాది కెమిస్ట్రీ మేడమ్" అన్నాడు. చివరికి క్యాంటీన్‌లో దొరికింది నూకరత్నం. అన్ని శాఖలకీ టీ పోస్తుంది, ఏ శాఖా కాదు.

"నానేటి సెయ్యాలమ్మా?" అంది నూకరత్నం టోపీని అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"పడుకోవాలి, అంతే."

"పడుకోడం కూడా ఉద్యోగవేనా?"

"మా దగ్గర అదే ఉద్యోగం."

అలా నాలుగో మంచం, నాలుగో టోపీ వచ్చాయి. సున్నాకి కలలుంటాయేమోనన్న ఆలోచన మాత్రం పద్మలోచనకి రాలేదు. శాఖ లేని బుర్రలో ఏముంటుందిలే అనుకుంది.

మూడు రోజుల్లో పేపర్ తయారైంది. మొగలిపొదల్ని మెలికల వరసల్లో నాటితే కెరటాల బలం సగానికి సగం తగ్గుతుందని విస్సంరాజు గారి లెక్క, మొగలి వేళ్ళకి మెహరున్నీసా తీసిన కొలతలు. గురువారం ఉదయం టీ తెచ్చిన నూకరత్నానికి పద్మలోచన సంబరంగా అదంతా చదివి వినిపించింది.

"ఇదేటి కొత్త?" అంది నూకరత్నం. "మా ఈదికి మా అమ్మమ్మోలు నాటినవే కదా అయ్యి. రోడ్డేత్తామని కొట్టీసినారు. మూడేళ్ళకి ఈదంతా సముద్రంలోకెల్లిపోనాది. డాబా మీద మా అత్త పచ్చ సీర ఆరేత్తాది, సూడనేదా మీరు?"

పద్మలోచన చేతిలో గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది. సున్నాలో ఒక ఊరే ఉంది!

శుక్రవారం కమిటీ చైర్మన్ పేపర్ పక్కన పెట్టి మంచాలు లెక్కపెట్టారు. "నాలుగో టోపీ ఎవరిదమ్మా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. ఆకుపచ్చ చీర గుర్తొచ్చి వెనక్కి పోయింది. "నూకరత్నం గారిది సార్. కల ఆవిడదే. మేం అద్దెకున్నాం."

"అయితే పేపర్ మీద మొదటి పేరు ఆవిడదే ఉండాలి. ఏ శాఖ?"

"ఏ శాఖా కాదు."

కమిటీ కంగారుపడింది. ఫారంలో శాఖ గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ పేరే తీసుకోవడం లేదు. ఒకాయన 'లేదు' అని కొట్టి చూశారు. 'అలాంటి శాఖ లేదు' అని వచ్చింది. రెండు గంటలు తర్జనభర్జన పడి, యూనివర్సిటీవాళ్ళు ఎప్పుడూ చేసే పనే చేశారు. కొత్త శాఖ పెట్టారు. శూన్య అధ్యయన శాఖ, అధిపతి నూకరత్నం. సంగమానికి ఇంకో ఐదేళ్ళు ఆయుష్షు దొరికింది. విస్సంరాజు గారు, మెహరున్నీసా ఒకే కెటిల్‌లో టీ తాగారు.

సోమవారానికి ఆవిడకి గది, బోర్డు, తిరిగే కుర్చీ వచ్చాయి. మధ్యాహ్నం నలుగురూ టోపీలు పెట్టుకుని పడుకున్నారు.

సముద్రం వచ్చింది. వీధి రాలేదు. నీళ్ళ అడుగున పొడుగాటి వరండా, అందులో ఫైళ్ళు పట్టుకుని జనం క్యూ. కిటికీ అవతల వంజరం చేప ఒకటి కళ్ళజోడులోంచి చూసి, "ఏ శాఖ?" అంది. తోకతో ఠపీమని స్టాంపు వేసింది.

మంగళవారమూ అదే చేప. వారం తిరిగేసరికి పద్మలోచన వెళ్ళి ఆ గది తలుపు తట్టింది.

"నూకరత్నం గారూ, మీ వీధి మళ్ళీ రాదా? మీ అత్తగారు, ఆ పచ్చ చీర..."

నూకరత్నం కళ్ళు ఒక్క క్షణం కిటికీలోంచి దూరంగా సముద్రం మీదికి పోయాయి. టేబుల్ మీద కొత్త కెటిల్ కూత పెట్టింది. ఆవిడ సర్దుకుని, నడుముకున్న తాళంచెవితో పంచదార డబ్బా తీసి, ఒకే ఒక్క కప్పులో టీ పోసుకుంది.

"కెరటాలు రాజుగారియి, పొదలు మెహరున్నీసమ్మయి, కలలు మీయి," అంది ఎంతో మర్యాదగా. "అది మా శాఖ కిందికి రాదండీ."