కోసి చూశాక కొన్న కెమెరా

"జూమ్ చూసి కొనవే, జూమ్! మిగతాదంతా వేస్టు," అన్నాడు సూర్యతేజ అన్నయ్య.

"కాదు, మెగాపిక్సెల్స్ ఎక్కువుండాలి. మా మావయ్య చెప్పాడు," అంది ఎదురింటి నీహారిక.

"ఎర్రది తీసుకో. బ్యాగులో వేసినా కనిపిస్తుంది," అని వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

కీర్తన బుర్ర గిర్రున తిరిగిపోయింది. పొద్దుట్నుంచీ ఇదే గోల!

వేసవి సెలవులు. రేపు ఇంటిల్లిపాదీ భీమిలి వెళ్తున్నారు. నాన్న ఫోన్‌తో ఫోటోలు తీద్దామంటే, ఆయనది మామిడికాయల వ్యాపారం, ఇప్పుడు సీజను కదా, ఫోన్ ఒక్క నిమిషం ఖాళీగా ఉండదు. అందుకే నాన్న, "తక్కువలో వచ్చే చిన్న కెమెరా ఒకటి నువ్వే చూసి తెచ్చుకో," అని డబ్బులిచ్చాడు. నువ్వే అన్నాడు! ఆ మాటకి నిన్న ఎగిరి గంతేసింది కీర్తన. ఇవాళేమో కాళ్ళూ చేతులూ ఆడటం లేదు.

అసలు ఈ కెమెరా అంతా నాయనమ్మ కోసం. నాయనమ్మ ఇంతవరకూ సముద్రం చూడలేదు. తెల్లవారుజామునే ఒడ్డుకి చేరుకుని, నీళ్ళలోంచి సూర్యుడు పైకి రావడం చూడాలని ఆవిడ కోరిక.

"అప్పుడు నా ఫోటో ఒకటి తియ్యవే అమ్మడూ. మా రూతమ్మకి మోకాళ్ళ నొప్పులు, రాలేదుగా. దానికి చూపించాలి," అని ఎన్నిసార్లు చెప్పిందో. రూతమ్మ నాయనమ్మకి చిన్ననాటి స్నేహితురాలు.

కీర్తన సెంటర్లో శ్రీరాములు గారి ఫోటో స్టూడియోకి వెళ్ళింది. ఆ డబ్బుకి వచ్చేవి రెండే ఉన్నాయి. ఒకటి ఎర్రది, ఒకటి నల్లది.

"ఏది మంచిదండీ?"

"దేనికమ్మా?" అన్నాడు శ్రీరాములు.

కీర్తన రెండు పెట్టెల్నీ తిప్పి చూసింది. దేనికేంటి, ఫోటోలకే కదా! ఒకసారి తీసి చూద్దామనిపించింది. కానీ తీసి చూశాక వద్దంటే ఏమనుకుంటారో అని సిగ్గేసింది. ఎర్రదాని పెట్టె మీద అంకెలు పెద్దగా ఉన్నాయి. అదే ఇమ్మంది.

"నచ్చకపోతే సాయంత్రంలోగా తీసుకురా, మారుస్తాను. రేపు కొట్టు తియ్యను," అన్నాడాయన.

ఇంటికొచ్చి డాబా ఎక్కి జూమ్ చేసి చూస్తే, ఎక్కడో వాటర్ ట్యాంకు మీద వాలిన కాకి ముక్కు కూడా కనిపించింది. అన్నయ్య ఈల వేశాడు. కీర్తన ఛాతీ పొంగింది.

తర్వాత కిందికి దిగి, వెలుతురు అంతగా లేని నడవలో నాయనమ్మని కూర్చోబెట్టి తీసింది. అయ్యో! మొహమంతా అలికేసినట్టు వచ్చింది. ఫ్లాష్ వేసి తీస్తే కళ్ళజోడు రెండు తెల్ల బిళ్ళలైపోయింది. మళ్ళీ తీసింది. మళ్ళీ అంతే.

"ఏదీ, చూడనీ," అంటూ నాయనమ్మ వంగింది. "ఇందులో నేనేదే?"

కీర్తనకి ఏడుపొచ్చేసింది. తెల్లవారుజామున సముద్రం దగ్గరా ఇలాంటి వెలుతురే ఉంటుంది. రూతమ్మకి ఏం చూపిస్తారు?

"నేను అందర్నీ అడిగాను నాయనమ్మా! తలో మాటా చెప్పారు. నాకేం అర్థం కావట్లేదు."

నాయనమ్మ చెప్పులేసుకుంది. "ఏడవకు. పద, మారుద్దాం."

దారిలో పుచ్చకాయల బండి దగ్గర నాయనమ్మ ఆగింది. ఒక కాయ తట్టి చూసి, "కోసి చూపించు బాబూ," అంది. అతను చిన్న ముక్క కోశాడు. లోపల తెల్లగా ఉంది.

"ఇది వద్దు. ఇంకోటి."

రెండోది ఎర్రగా నిగనిగలాడింది. అదే తీసుకుంది నాయనమ్మ.

"వద్దంటే ఆయన ఏమీ అనుకోడా?" గుసగుసగా అడిగింది కీర్తన.

"ఏమనుకుంటాడే? తినేది మనం కదా."

స్టూడియో వచ్చేదాకా కీర్తన ఏదో ఆలోచిస్తూనే నడిచింది.

"శ్రీరాములు గారూ, కాసేపు షట్టరు దించి లైట్లు తగ్గిస్తారా?"

శ్రీరాములు తెల్లబోయాడు. "ఎందుకమ్మా?"

"తెల్లవారుజామున మా నాయనమ్మని తియ్యాలండి, ఫ్లాష్ లేకుండా. రెండింటితోనూ తీసి చూస్తాను."

"అదీ! దేనికని పొద్దున నేనడిగింది అందుకేగా," అని నవ్వుతూ షట్టరు సగానికి పైగా దించాడు.

"పిన్నిగారూ, అలా స్టూలు మీద కూర్చోండి," అన్నాడు నాయనమ్మతో.

"ఏంటే ఈ చీకట్లో నా ఫోటో!" నాయనమ్మకి నవ్వాగలేదు. ఎర్రదానిలో ఆ నవ్వు అలుక్కుపోయింది. నల్లదానిలో కళ్ళజోడూ, బొట్టూ, ఊడిన పన్ను దగ్గరి సందూ, అన్నీ పడ్డాయి.

"ఇదేనండి," అంది కీర్తన.

"దీనికి జూమ్ బాగా తక్కువమ్మా. దూరంగా ఉన్నవి పెద్దగా రావు. మళ్ళీ ఆలోచించుకో."

కీర్తన వెళ్ళి నాయనమ్మ చెయ్యి పట్టుకుంది.

"పర్లేదండి. నాయనమ్మ నా పక్కనే ఉంటుంది."