మూడో అంకంలో సీసా

ఒహాయో నది పొంగి మారియెట్టా ఊళ్లో మేడ మెట్ల దాకా నీళ్లెక్కిన వరద వచ్చి అప్పటికి మూడో ఏడు. పొద్దున్నే ఆ ఊరి పూటకూళ్లింట్లో ఎజ్రా గుడ్లూ రొట్టే తింటున్నాడు. ఊరూరా గుడారం వేసి ఆడే నాటకాల కంపెనీలో సామాన్లు చూసేది అతనే. కూతురు వెర్నా అందులో నాయిక. అల్లుడు హోరస్ నాయకుడూ, యజమానీ.

వెర్నా కాఫీ పోస్తూ చెప్పింది. "నాన్నా, న్యూయార్కు నుంచి ఉత్తరమొచ్చింది. పెద్ద థియేటరు వాళ్లు రమ్మంటున్నారు. నన్నొక్కదాన్నే."

హోరస్ నవ్వాడు. "గుడారాల్లో ఏడ్చే మొహానికి న్యూయార్కా? ఆ ఏడుపు నేర్పింది కూడా నేనే కదే!"

"నువ్వు నేర్పలేదు. ఏడిపించావు."

హోరస్ చెయ్యి ఆమె గూబ మీద పడింది. కాఫీ బల్లంతా పారింది. పూటకూళ్లావిడ గుడ్డ తెచ్చి తుడిచింది గానీ ఎవరి మొహమూ చూడలేదు.

"నువ్వైనా ఓ మాట అను నాన్నా."

ఎజ్రా రొట్టె నమిలాడు. "మొగుణ్ణొదిలి ఎక్కడికి పోతావు? సర్దుకో."

"పదకొండేళ్లుగా అదొక్కటే మాట. నువ్వు నా తండ్రివి కాదు, ఆయన జీతగాడివి."

మధ్యాహ్నం ఆట మొదలైంది. మూడో అంకంలో తాగుబోతు మొగుడు పెళ్లాం తల మీద సీసా పగలగొడతాడు. ఆ సీసాలు ఎజ్రా గుగ్గిలం కరిగించి అచ్చు పోసేవాడు. తగలగానే పొడైపోతాయి. బల్ల మీద పెట్టే ముందు గోటితో కొట్టి వినాలి. గుగ్గిలం టక్కుమంటుంది, గాజు ఖంగుమంటుంది. ఇరవై రెండేళ్లలో ఒక్కపూట తప్పలేదు. ఆ రోజు కూతురన్న మాటే చెవుల్లో ఉంది. చేతికందింది పెట్టేశాడు. అది అచ్చు కోసం ఉంచుకున్న అసలు గాజు సీసా.

హోరస్ సీసా ఎత్తాడు. చెయ్యి ఓ క్షణం ఆగింది. తెర పక్క నుంచి ఎజ్రా అది చూశాడు. తరవాత ఆ చెయ్యి బలం కొద్దీ దిగింది.

సీసా పగల్లేదు. వెర్నా నుదురు పగిలింది. నెత్తురు కళ్లలోకి కారింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. హోరస్ మళ్లీ ఎత్తాడు.

ఎజ్రా తెర తాడుకు కట్టే ఇసుక మూట పట్టుకుని రంగం మీదికి ఉరికాడు. అల్లుడి దవడ మీద మోదాడు. రెండు పళ్లు చెక్కల మీద దొర్లాయి. మళ్లీ మోదాడు. చప్పట్లు అప్పుడాగాయి.

"సీసా పెట్టింది నువ్వేరా ముసలోడా!" నెత్తురు ఉమ్ముతూ అరిచాడు హోరస్.

"పెట్టింది నేనే. బరువు తెలిసీ కొట్టింది నువ్వు."

డాక్టరు తొమ్మిది కుట్లు వేశాడు. వేస్తున్నంతసేపూ వెర్నా తండ్రి చెయ్యి విడవలేదు.

"గోటితో కొట్టి చూళ్లేదమ్మా," అన్నాడు ఎజ్రా. "అదొక్కటే అయితే బాగుణ్ణు. పదకొండేళ్లు పక్కన నుంచుని చూశాను."

పెళ్లాం పోయిన రోజు కూడా ఏడవనివాడు, వగరుస్తూ ఏడ్చాడు. వెర్నా అతని మొహం తుడిచింది.

"ఊరుకో నాన్నా. నీకు ఏడవడం బొత్తిగా రాదు. జనం డబ్బులు తిరిగిమ్మంటారు."

మర్నాడు పొద్దున్నే ఎజ్రా తంతి ఆఫీసుకు వెళ్లాడు. "నాకు రాయడం సరిగ్గా రాదు, నువ్వే రాయి" అన్నాడు గుమాస్తాతో. "న్యూయార్కుకి. వెర్నా వస్తోంది. నుదుటి మీద గాటుంది."

"గాటు సంగతెందుకు పెద్దాయనా?"

"రాయి. ముందే తెలియాలి. చూశాక ఎవడూ నా బిడ్డను ఒక్క మాట అనకూడదు."