రాయి దగ్గర విప్పిన మూట

"అల్లం చట్నీ ఉందా?"

"అయిపోయింది. పల్లీ చట్నీ వెయ్యనా?"

"కారం తక్కువైతే వెయ్యండి."

కోడ్ సరిపోయింది. దోసెల ట్రక్కు కిటికీలోంచి వీరభద్రం పేపర్ ప్లేటు అందించాడు. లోకానికి ఆయన చాండ్లర్‌లో దోసెలు పోసుకునే మనిషి. ఏజెన్సీకి మాత్రం కౌంటర్ ఇంటెలిజెన్స్ చీఫ్. ఈ రెండు పనుల్లో ఆయనకు ఏది బాగా వచ్చని అడిగితే, దోసె తిన్నవాళ్లంతా రెండోదే అంటారు.

ప్లేటు అందుకున్నవాడు ఏజెంట్ శ్రీహర్ష. పైకి సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్. చెవిలో బఠాణీ గింజంత రిసీవర్, జేబులో పెన్నులాంటి స్కానర్. అడుగు దూరంలో మెమరీ చిప్ ఉంటే ఆ పెన్ను సన్నగా వణుకుతుంది.

"దోసె కింద ఫోటో ఉంది. చూసి చించెయ్."

చూశాడు. గోటి సైజు మెమరీ చిప్. దాన్ని చుట్టిన ప్లాస్టిక్ కవరు మీద ఎర్రటి నూనె మరక. పక్కనే ఒక జాడీ. దాని మూతికి ఎర్ర గళ్ల గుడ్డ కట్టి ఉంది.

శ్రీహర్ష ఫోటోని దగ్గరగా పెట్టుకుని మళ్లీ చూశాడు.

"మూడు వారాల కిందట ఇది వాల్డర్న్ చేరింది," వీరభద్రం పెనం మీద నీళ్లు చిలకరిస్తూ చెప్పాడు. "అక్కడి పోలీసులు బుధవారం ఒక హోటల్ గదిలో పట్టుకున్నారు. ఇక్కడ తయారవుతున్న కొత్త చిప్ డిజైన్, సగం. ల్యాబ్‌లో పనిచేసే మీ రాజీవ్ బ్యాడ్జ్‌తో కాపీ అయింది. గురువారం రాజీవ్‌ని లోపలేశారు. మిగతా సగం ఇవాళ పోతుంది. రెండూ కలిస్తేనే ఆ ముఠాకి పనికొస్తుంది."

"మోసేది ఎవరు?"

"తెల్వదు. మొదటిది ఎవరు మోశారో కూడా తెల్వదు. ఆ వారమంతా నువ్వు అక్కడే ఉన్నావు గదా. ఏం కనబడలేదా?"

"లేదు సర్."

అబద్ధం! ఆ జాడీని వాల్డర్న్‌కి మోసుకెళ్లింది సాక్షాత్తూ శ్రీహర్షే.

జరిగింది చాలా చిన్న విషయం. ప్రయాణానికి ముందురోజు ఆంజనేయప్రసాద్ అంకుల్ ఇంటికి వచ్చారు. తెలుగు సంఘానికి పెద్ద దిక్కు, రాజీవ్‌కి ల్యాబ్‌లో బాస్. "సూట్‌కేసులో కాస్త చోటుంటుందా బాబూ? ఒక్కటే జాడీ. మన వసుమతి ఆవకాయ మొహం చూసి రెండేళ్లయిందట" అన్నారు. ఎవరు ఎక్కడికి బయల్దేరినా మనవాళ్లు అడిగే మొదటి మాట అదే. కాదనడం మర్యాద కాదు. ఇంటరాగేషన్‌లో మూడు రోజులు నోరు విప్పకుండా ట్రైనింగ్ పాసైన ఏజెంట్‌కి, ఒక పెద్దాయనని "ఇందులో ఏముంది" అని అడగడానికి మొహమాటం అడ్డొచ్చింది. పరాయివాళ్లు ఇచ్చినవి ఏజెన్సీ డిక్లరేషన్ ఫారంలో రాయడానికి బద్ధకం. వెధవ బద్ధకం.

రాజీవ్ శ్రీహర్షకి పాత రూమ్మేట్. హెచ్-వన్ వీసా మీద ఉన్నాడు. నేరం రుజువైతే జైలు, ఉద్యోగం ఊడితే అరవై రోజుల్లో దేశం వదలాలి. నిన్న రాత్రి రాజీవ్ భార్య రష్మి ఫోన్ చేసింది. "అన్నయ్యా, మీకు నలుగురూ తెలుసు కదా, ఏదైనా చేయండి" అని ఏడ్చింది. చేయడానికి శ్రీహర్ష దగ్గర ఒక్కటే ఉంది, నిజం. అది చెబితే తన ఉద్యోగం పోతుంది. ఇవాళ్టి చిప్ పట్టుకుంటే చాలు, జాడీ ఊసెత్తకుండానే రాజీవ్ బయటపడతాడని మనసుకి సర్ది చెప్పుకున్నాడు. మనసు వినలేదు, కాళ్లు మాత్రం కదిలాయి.

ట్రక్కు పక్కనే పార్కులో వాల్డర్న్ సంత జోరుగా ఉంది. ఆల్ప్స్ కొండల్లో కనుమ కింద ఒదిగిన ఊరు వాల్డర్న్. రెండు వేల ఏళ్ల కిందట రోమన్ సైనికులు అక్కడ గుర్రాలు మార్చుకోవడానికి మజిలీ కట్టి, ఒక మైలురాయి పాతారు. ఆ రాయి చుట్టూ సంత పుట్టింది, సంత చుట్టూ ఊరు పుట్టింది. ఇప్పటికీ ప్రతి శనివారం అక్కడే సంత. చాండ్లర్‌తో స్నేహానికి గుర్తుగా ఆ ఊరి మేయర్ పన్నెండు మందిని వెంటేసుకుని, జున్ను చక్రాలతో, కొయ్య బొమ్మలతో, అసలు మైలురాయితో సహా ఈ ఎడారి ఊళ్లో దిగాడు. పదకొండింటికి బస్సు, ఎయిర్‌పోర్ట్, ఇంటిదారి. రాయి మాత్రం తర్వాత ఓడలో వెళ్తుంది.

ఇప్పుడు పదీ పది.

రాయి దగ్గర వసుమతి నిలబడి ఉంది. ఈ దేశంలోనే క్యారీలో పుట్టి పెరిగిన పిల్ల, వాల్డర్న్ రోమన్ మ్యూజియంలో క్యూరేటర్, మేయర్ జట్టుతో కాకుండా రాయి వెంట విడిగా వచ్చింది. నెమలికంఠం రంగు పట్టుచీర, భుజాన ఆల్ప్స్ ఉన్ని శాలువా. సంతకొచ్చిన సగం మంది రాయిని చూడ్డం మానేసి ఆమెనే చూస్తున్నారు. ముఠా ఆమె తమ మనిషనుకుంటోంది. ఏజెన్సీ కూడా తమ మనిషే అనుకుంటోంది.

శ్రీహర్ష పెన్ను జేబులోంచి తీసి పక్కన నిలబడ్డాడు. పెన్ను కదల్లేదు.

"నా దగ్గర లేదు హర్షా," ఆమె నవ్వింది. "టైమ్ వేస్ట్ చేసుకోకు."

"ఎవరి దగ్గరుంది?"

"వై షుడ్ ఐ టెల్ యూ? జాడీ తెచ్చి నా చేతిలో పెట్టింది నువ్వు. ఎయిర్‌పోర్ట్ కెమెరాలో నువ్వే ఉన్నావ్. నోరు ఓపెన్ చేస్తే ఫస్ట్ నీ పేరే వస్తుంది. సైలెంట్‌గా ఉండు, ప్లీజ్. ఇద్దరికీ సేఫ్."

అప్పుడే మైకు కీచుమంది. తెల్ల పంచె, లాల్చీలో ఆంజనేయప్రసాద్ వేదికెక్కారు. "అతిథుల్ని ఉత్త చేతుల్తో పంపడం మన ఇంటా వంటా లేదండీ!" చప్పట్లు. ఒక్కొక్కరినీ పిలిచి బొట్టు పెట్టి, రిటర్న్ గిఫ్ట్ సంచి చేతిలో పెడుతున్నారు. సంచిలో స్టీలు డబ్బా, డబ్బాలో జాడీ, జాడీ మూతికి ఎర్ర గళ్ల గుడ్డ.

శ్రీహర్షకి ఎత్తు అర్థమైంది. వసుమతి మోయదు, ఆంజనేయప్రసాద్ మోయడు. తనలాగే ఏమీ తెలియని మనిషెవరో, ఏమీ అడగకుండా, దండం పెట్టి మోసుకెళ్తారు. పన్నెండు మంది అతిథులు, ఒక మేయర్, పదమూడు సంచులు. గుంపులో దూరి ఒక్కో సంచికీ పెన్ను ఆనించాడు. స్టీలు దాటి లోపలికి పెన్ను చూడలేదు.

"సర్, గిఫ్ట్ సంచుల్లో ఉంది," రిసీవర్లో గుసగుసలాడాడు. "ఆపండి."

"అఫీషియల్ గెస్టులయ్యా. వారెంట్ సోమవారం దాకా రాదు. ఏ ఆధారంతో ఆపను? నీకెట్లా తెలుసు?"

శ్రీహర్ష వాచీ చూసుకున్నాడు. పదీ యాభై అయింది. బస్సు ఇంజన్ స్టార్ట్ అయింది. మేయర్ హుబర్, డెబ్భై ఏళ్ల భారీ మనిషి, చివరిసారిగా రాయిని తడిమి సంచి ఊపుకుంటూ బయల్దేరాడు.

ఆ రాయిని చూస్తుంటే శ్రీహర్షకి వాల్డర్న్‌లో కళ్లారా చూసిన తంతు గుర్తొచ్చింది. అక్కడ సంతలో మూసిన మూట ఎవరూ కొనరు, మోయరు. అనుమానం వస్తే ఎవరైనా సరే, రాయి మీద చెయ్యి వేసి మూట విప్పమని అడగొచ్చు. రోమన్ల నాటి కట్టుబాటు. కాకపోతే ఒక షరతుంది. అడిగినవాడు ముందు తన మూట విప్పాలి. ఏదీ దాచకూడదు.

ఒక్క క్షణం రష్మి ఏడుపు చెవిలో వినబడింది. శ్రీహర్ష మైలురాయి మీద అరచెయ్యి వేశాడు.

"మేయర్ గారూ! రాయి దగ్గర అడుగుతున్నాను. మీ మూటలు విప్పండి."

హుబర్ గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఇంత దూరం వచ్చి తన ఊరి ఆచారం పలకరిస్తుందని అనుకోలేదు పాపం, ముఖం వెలిగిపోయింది. "ముందు నీది!" అన్నాడు ఇంగ్లీషులో, గంభీరంగా.

శ్రీహర్ష బ్యాగు బోర్లించాడు. ఏజెన్సీ బ్యాడ్జ్, స్కానర్, రెండు పాస్‌పోర్టులు రాయి ముందు పడ్డాయి. గుంపంతా నోరు తెరిచింది. ఏడేళ్లు దాచిన కవర్ ఏడు సెకన్లలో పోయింది.

"ఇంకా ఉంది," అన్నాడు. "మూడు వారాల కిందట ఇలాంటి జాడీనే నేను మోశాను. ఆంజనేయప్రసాద్ గారు ఇచ్చారు, వసుమతికి అందించాను. అందులో దొంగిలించిన డిజైన్ ఉంది. లోపలేముందో నేను అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. నా మూలంగా ఏ పాపం తెలియని రాజీవ్ జైల్లో ఉన్నాడు. ఇంతే. నా మూట అయిపోయింది."

"ఏంటి బాబూ, పదిమందిలో పెద్దవాళ్ల పరువు తీస్తావా?" ఆంజనేయప్రసాద్ గద్దించారు. "బస్సు టైమైందండీ, పదండి పదండి!"

"రాయి దగ్గర అడిగాక బస్సు ఆగాలి," అన్నాడు హుబర్. డ్రైవర్‌ని దిగమన్నాడు. పన్నెండు జాడీలు వరసగా విప్పారు. ఆవకాయే. పన్నెండింటిలోనూ ఒట్టి ఆవకాయే. ఆంజనేయప్రసాద్ నవ్వు పెద్దదైంది. మిగిలింది మేయర్ జాడీ. ఆయన మణికట్టు దాకా చెయ్యి ముంచి కెలికి, నూనె ఓడుతున్న ప్లాస్టిక్ పొట్లం పైకి తీశాడు. పొట్లం మరో చేతిలోకి మార్చి, వేలు నాకి చూసి, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అది పశ్చాత్తాపం కాదు, గుంటూరు కారం.

వసుమతి అప్పటికే పార్కింగ్ దాకా వెళ్లిపోయింది. కారు తలుపు దగ్గర దోసెలాయన అట్లకాడతో నిలబడి ఉన్నాడు. "ప్లేటు డబ్బులియ్యకుండా ఎటు పోతున్నవమ్మా?" అన్నాడు వీరభద్రం.

ఆంజనేయప్రసాద్ లోపలికి పోయారు, సోమవారం రాజీవ్ ఇంటికొచ్చాడు. మంగళవారం శ్రీహర్ష వాళ్ల గుమ్మం ముందు నిలబడ్డాడు. అప్పటికే సస్పెండయ్యాడు. ఎంక్వయిరీ ఏజెన్సీ క్యారీ ఆఫీసులో, శుక్రవారం.

"తప్పంతా నాదేరా. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లట్లేదు."

రాజీవ్ గడప దాటి బయటికొచ్చాడు. "జాడీ సంగతి సరే. ఎవరడిగినా మోస్తాం. నేనైనా మోసేవాణ్ణే. ఫోటో చూసి నీకు తెలిసిపోయాక ఎంతసేపు ఊరుకున్నావు?"

"యాభై నిమిషాలు."

"యాభై నిమిషాలు నీ ఉద్యోగం గురించి ఆలోచించావా, నా గురించా?"

"నా ఉద్యోగం గురించేరా," అన్నాడు శ్రీహర్ష. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"నిజం చెప్పావు, పో," అన్నాడు రాజీవ్. అందులో క్షమించడం ఉందో లేదో శ్రీహర్షకి తెలియలేదు. అడిగే హక్కూ లేదనిపించింది. వెనుదిరిగి మెట్లు దిగుతుంటే రష్మి వెనకాలే వచ్చింది, చేతిలో స్టీలు డబ్బా.

"అన్నయ్యా, క్యారీ వెళ్తున్నారటగా. అక్కడ మా అక్కకి ఇది ఇస్తారా?"

శ్రీహర్ష రాజీవ్ వైపు చూశాడు. రాజీవ్ గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఇందులో ఏముందమ్మా?" అన్నాడు శ్రీహర్ష.

రాజీవ్ పెదవుల మీద, ఇన్ని రోజుల తర్వాత, నవ్వులాంటిది కదిలింది. "విప్పి చూసుకో."

మెట్ల మీదే కూర్చుని మూత తీశాడు. సున్నుండలు. ఒక్కొక్కటే లెక్కపెట్టాడు, ఇరవై నాలుగు. ఒకటి విరిచి లోపల చూశాడు. తర్వాత ఫోన్ తీసి, ఉందో ఊడిందో తెలియని ఉద్యోగానికి డిక్లరేషన్ ఫారం నింపి వీరభద్రానికి పంపాడు: సున్నుండలు, ఇరవై మూడు.