ఖాళీ వరసలో పెళ్లి

సెప్టెంబరు 9, మంగళవారం. ఉదయం 10:20.

చినమెరక చర్చి వెనకగదిలో ఇనప్పెట్టె తెరిచి ఉంది. రాజోలు నుంచి వచ్చిన ఎస్.ఐ. ప్రశాంతి అందులోంచి వివాహాల రిజిస్టరు తీసి బల్లమీద పెట్టింది.

ఆ పుస్తకం ఆగస్టు 20న మాయమైంది. 29న మళ్లీ అదే పెట్టెలో కనిపించింది. తాళం పగల్లేదు.

పోయిన వస్తువు తిరిగొస్తే సంతోషించాలి. కానీ ఇది వస్తూ వస్తూ ఒక పెళ్లిని వెంటబెట్టుకొచ్చింది.

ఏప్రిల్‌తో మొదలయ్యే లెక్కల సంవత్సరాన్ని కొత్త పేజీలో మొదలుపెట్టడం ఆ చర్చి ఆనవాయితీ. అందుకని 2007-08 చివరి పేజీలో, డిసెంబరు పెళ్లి కింద, ఒక వరస ఖాళీగా ఉండేది. ఇప్పుడది నిండింది. తేదీ ఫిబ్రవరి 14, 2008. వరుడు ఆనందరావు. వధువు రత్నకుమారి.

ఆనందరావు చర్చి డయాసిస్ వాళ్ల హైస్కూల్లో టీచరు. మొన్న జూలైలో గుండెపోటుతో పోయాడు. భార్య క్రిస్టీనాతో అతని పెళ్లి ఇదే చర్చిలో 2009 నవంబరులో జరిగింది. కూతురు నిఖిత పదో తరగతి.

మొదటి పెళ్లి నిజమైతే రెండోది చెల్లదు. క్రిస్టీనా భార్య కాదు. రత్నకుమారి ఎక్కడుందో ఎవరికీ తెలియదు కాబట్టి, ఉంటున్న ఇల్లు ఆనందరావు అన్నకి పోతుంది. ఊరు అప్పుడే ఆమెను అనరాని మాట అనేసింది కూడా. ఆదివారం బిషప్పుగారు పిల్లలకు కన్ఫర్మేషన్ ఇచ్చి, సంఘంలో పూర్తి సభ్యులుగా చేర్చుకోవడానికి వస్తున్నారు. ఆ జాబితాలో నిఖిత పేరు ఆపేశారు. అందుకే క్రిస్టీనా స్టేషను మెట్లెక్కింది.

ప్రశాంతి ఆ వరస మళ్లీ చదివింది. సాక్షులిద్దరూ పోయారు. పెళ్లి చేసిన పాస్టరు అయ్యగారూ పోయారు. వధువు చిరునామాగా రాసిన కాకినాడ వీధి కాకినాడలోనే లేదట. ఇంతమంది చనిపోయినవాళ్లు కలిసి సాక్ష్యం చెబుతుంటే ఏ పోలీసుకైనా అనుమానం రాకుండా ఉంటుందా?

పెట్టె తాళాలు ముగ్గురి దగ్గరున్నాయి. ఒకరు ఇప్పటి అయ్యగారు. జూన్‌లోనే వచ్చారు, సంఘంలో సగం మంది పేర్లు ఇంకా తెలియవు. రెండోవాడు గంట కొట్టే పెదబాబు. ఊరంతా అతనివైపే వేలు చూపిస్తోంది గాని, అతనికి సంతకం తప్ప రాయడం రాదు. మూడో మనిషి చర్చి లెక్కలూ రికార్డులూ చూసే పాస్టరేట్ సెక్రటరీ ఇమ్మానుయేలు. చనిపోయిన ఆనందరావుకు స్వయానా అన్న.

"ఈ పెళ్లి మీరు చూశారా?" ఇమ్మానుయేలుని అడిగింది ప్రశాంతి.

"చూడకపోవడమేంటండి మేడమ్. దగ్గరుండి చేయించేను."

"ఎన్నింటికి?"

"పదకొండింటికండి."

"భోజనాలు?"

"మా ఇంట్లోనేనండి. కోడికూర, చేపల పులుసు. పది మందిమే."

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"ఆ పిల్ల నెలకే వెళ్లిపోయిందండి. తమ్ముడి పరువు కదండీ."

ఎక్కడా తడుముకోలేదు. పదిహేడేళ్ల కిందటి పులుసు కూడా గుర్తుంది. మొన్న ఆదివారం తనేం తిన్నదో ప్రశాంతికి గుర్తులేదు.

మధ్యాహ్నం 1:40కి ఆమె పాపాయమ్మ ఇంటికి వెళ్లింది. పాపాయమ్మ చర్చిలో ఆడవాళ్ల సంఘమైన స్త్రీల మైత్రికి ముప్పై ఏళ్లు నాయకురాలు. ఆ పెళ్లి సంగతి తనకు తెలియదంది. తేదీ ఏమిటని అడిగింది. చెప్పగానే లేచి వెళ్లి ట్రంకుపెట్టెలోంచి ఒక పాత నోటుపుస్తకం తెచ్చింది.

సాయంత్రం 5:00. చర్చిలో ముందు బల్లలమీద అయ్యగారు, పెదబాబు, ఇమ్మానుయేలు, పాపాయమ్మ కూర్చున్నారు. క్రిస్టీనా విడిగా, ఒక్కతే కూర్చుంది.

"మా ఇళ్లల్లో మూఢంలో పెళ్లి ముహూర్తాలు పెట్టరు," అంది ప్రశాంతి. "మీకూ అలాంటి రోజులున్నాయా సెక్రటరీగారూ?"

"లెంటు ఉందండి. ఈస్టరుకు ముందు నలభై రోజులు. ఈ గుడిలో అప్పుడు పెళ్లిళ్లు చెయ్యరు."

"అందుకే మీరు మార్చి జోలికి పోలేదు. జనవరంతా ఆనందరావు రాజమండ్రిలో ట్రైనింగులో ఉన్నాడు. ఏప్రిల్ నుంచి పెళ్లిళ్లు తర్వాతి పేజీలో ఉన్నాయి. ఇక మిగిలింది ఫిబ్రవరి. కానీ ఈస్టరు ఏటా మారుతుంది. 2008లో మార్చి 23నే వచ్చింది. లెంటు ఫిబ్రవరి 6న మొదలైంది."

ఇమ్మానుయేలు ముఖం తుడుచుకున్నాడు. అప్పటి అయ్యగారు ప్రత్యేకంగా పర్మిషన్ ఇచ్చారన్నాడు.

ప్రశాంతి నోటుపుస్తకం తెరిచింది. లెంటులో సాయంత్రం ప్రార్థన రోజుకో ఇంట్లో జరుగుతుంది. ఏ రోజు ఎవరి వంతో పాపాయమ్మ ఏటా రాసిపెట్టుకుంటుంది. ఫిబ్రవరి 14, గురువారం, ఇమ్మానుయేలు ఇల్లు.

"ఆ సాయంత్రం మీ ఇంట్లో ప్రార్థన నేనే నడిపేను బాబూ," అంది పాపాయమ్మ. "పెళ్లి జరిగిన ఇల్లులా లేదది. ఆ నలభై రోజులూ మీ అమ్మ కోడిగుడ్డు కూడా ఉడకనిచ్చేది కాదు. కోడికూర ఎవరు వండేరు?"

ప్రశాంతి నోటుపుస్తకం ఆ పేజీ దగ్గరే తెరిచి అతని ముందు పెట్టింది.

"తమ్ముడుండే ఇల్లు మా నాన్న కట్టిందండి," అన్నాడు ఇమ్మానుయేలు చివరికి. తొమ్మిది రోజులు రిజిస్టరు ఇంట్లో పెట్టుకుని, చనిపోయిన అయ్యగారి సంతకం దిద్ది నేర్చుకుని ఆ వరస నింపానని ఒప్పుకున్నాడు.

ప్రశాంతికి ఒళ్లు మండింది. ఇంటికోసం తమ్ముడి కూతుర్ని తండ్రి పేరు లేనిదాన్ని చేయబోయాడు ఈ పెద్దమనిషి. జీపెక్కమంది.

నిఖిత పేరు ఇప్పుడే జాబితాలో చేరుస్తానన్నారు అయ్యగారు. క్రిస్టీనా అప్పుడు లేచింది.

"ఆదివారం ప్రకటనలు చదివేది సెక్రటరీయే కదండీ. ఈ సంగతి కూడా ఆయనే చదవాలి."

"ఆదివారానికి ఈయన రిమాండులో ఉంటారమ్మా," అంది ప్రశాంతి.

క్రిస్టీనా అయ్యగారివైపు తిరిగింది.

"అయితే రాసిమ్మనండి. నేనే చదువుతాను."

అయ్యగారు కాగితం ఇచ్చారు. ఇమ్మానుయేలు బల్లమీద వంగి, తన తమ్ముడికి ఒకే పెళ్లి జరిగిందని రాశాడు. క్రిస్టీనా పేరు రాశాడు. తర్వాత కలం కదల్లేదు.

క్రిస్టీనా దగ్గరకొచ్చి నిలబడింది.

"భార్య అని రాయండి బావగారూ. ఆ మాట కోసమే నిలబడ్డాను."